రిలీజ్ సంతకం నాది, ఆపే అధికారం ఎవరిది?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సొంతూరు ప్రొద్దుటూరు. మందుల షాపులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఓ చిన్న కంపెనీలో ఐదేళ్లుగా ఇంజినీరు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి నాలుగు వేల షాపులు వాళ్ల సాఫ్ట్‌వేర్ మీదే బిల్లులు కొడుతున్నాయట. నెలకో కొత్త వెర్షన్ వస్తుంది. అదీ శుక్రవారం సాయంత్రం, అన్ని షాపులకూ ఒకేసారి. "శని, ఆదివారాలు చేతిలో ఉంటాయి, ఏదైనా అయితే సర్దుకోవచ్చు" అన్నది వాళ్ల టీమ్ లీడ్ లెక్క. ఈమెకు మాత్రం ఆ లెక్క వల్ల ఊరికెళ్లే శుక్రవారం రాత్రి బస్సు చాలాసార్లు తప్పిపోయింది. "ఏం ఉద్యోగమే అది, దాంట్లో శుక్రవారమే ఉండదా?" అని వాళ్లమ్మ అడుగుతోందట.

రెండు నెలల కిందటి రిలీజ్‌లో స్టాక్‌లో ఎక్స్‌పైరీని నమోదు చేసే పద్ధతి మార్చారు. అంతకుముందు స్ట్రిప్ మీద ఉన్నట్టే నెల, సంవత్సరం అక్షరాలుగా ఉండేవి. కొత్త వెర్షన్‌లో దాన్ని తేదీగా మార్చారు. మార్చిన కోడ్ ఆ నెల ఒకటో తేదీ వేసేసింది. దాంతో ఆ నెలాఖరు దాకా అమ్మదగిన మందులు కౌంటర్ దగ్గర "గడువు ముగిసింది" అని ఆగిపోయాయి. రాత్రి ఎనిమిదింటికి మండ్య నుంచి మొదటి ఫోన్. తొమ్మిదిలోపు తప్పెక్కడుందో ఈమెకు అర్థమైంది. లీడ్ పెళ్లిలో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. ఆయన్ని అడక్కుండా వెనక్కి తీసే ధైర్యం చాలలేదు. పదకొండింటికి ఆయన దొరికి సరే అన్నాక పాత వెర్షన్ పెట్టారు. అసలు గొడవ అప్పుడు మొదలైంది. డేటాబేస్‌లో కాలమ్ మారిపోయింది కాబట్టి పాత వెర్షన్ దాన్ని చదవలేక బిల్లింగ్ తెరే తెరుచుకోలేదు. రాత్రి బ్యాకప్ పెడదామంటే ఆ సాయంత్రం బిల్లులన్నీ పోతాయి. శనివారం మధ్యాహ్నానికి గానీ సర్దుకోలేదు.

సోమవారం మీటింగ్‌లో "ఆ కోడ్ రివ్యూ చేసిందెవరు?" అని ఓనర్ అడిగారు. రివ్యూ చేసింది ఈమే. ఇకపై రిలీజ్ సైన్-ఆఫ్, అంటే పంపొచ్చని చివరి సంతకం, నీదే, సురక్షితమైన పద్ధతేదో నెలాఖరులోగా నువ్వే చెప్పు అన్నారట. లీడ్ బ్లూ-గ్రీన్ అంటున్నారు. పెద్ద కంపెనీ నుంచి కొత్తగా వచ్చిన సహోద్యోగి కేనరీ, అంటే ముందు కొద్దిమందికే ఇచ్చి చూసే పద్ధతి, అంటున్నాడు. ఈమెకూ కేనరీయే నచ్చింది. "కానీ లీడ్‌ను నేను అన్నా అని పిలుస్తాను సార్. ఈ ఉద్యోగం ఇప్పించిందే ఆయన. ఆయన్ని కాదని చెప్పలేను, అవునని సంతకం పెట్టలేను. ఏం చేయమంటారు?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

బ్లూ-గ్రీనా, కేనరీయా అని అడిగారు. ఏదో ఒకటి చెప్పేసి ఊరుకోవడం నాకు తేలికే. దానికంటే ముందు ఆ శుక్రవారాన్నే ఈ రెండు పద్ధతులతో మళ్లీ నడిపించి చూద్దాం.

బ్లూ-గ్రీన్ అంటే మీకు తెలిసిందే. పాత వెర్షన్ నడుస్తున్న సర్వర్లు అలాగే ఉంటాయి, పక్కన అచ్చం అలాంటివే ఇంకో జత పెట్టి కొత్త వెర్షన్ ఎక్కిస్తాం. అన్నీ బాగున్నాయనుకున్నాక లోడ్ బ్యాలెన్సర్‌ను, అంటే షాపుల నుంచి వచ్చే పనిని సర్వర్లకు పంచేదాన్ని, కొత్తవైపు తిప్పుతాం. తేడా వస్తే మళ్లీ పాతవైపు తిప్పేస్తాం. సర్వర్ల మటుకు వెనక్కి రావడం క్షణాల పని. లీడ్ దీన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు. అయితే ఆ రెండు జతల కిందా ఉండే డేటాబేస్ ఒక్కటే. కాలమ్ మారిపోయాక పాతవైపు తిప్పినా ఆ రాత్రి బిల్లింగ్ తెర తెరుచుకునేది కాదు. అదే శుక్రవారం, అదే శనివారం, కాకపోతే సర్వర్ల అద్దె ఎక్కువ. ఇంకో చిన్న సంగతి. రెండు జతలూ ఒకేసారి బతికి ఉన్నప్పుడు, టైమ్ పెట్టి నడిచే పనులు ఏదో ఒక వైపే నడిచేలా చూసుకోకపోతే, "మీ బీపీ మాత్రలు అయిపోవచ్చాయి" అనే ఎస్ఎంఎస్ కస్టమర్‌కు రెండుసార్లు వెళ్తుంది.

కేనరీతో అయితే బయటపడేవారా? నాకు నమ్మకం లేదు. నాలుగు వేలలో నూటికి ఒకటి అంటే నలభై షాపులు. వాటికి ముందు ఇచ్చి, ఓ అరగంట డాష్‌బోర్డ్ చూసి, పచ్చగా ఉంటే మిగతావాళ్లకు ఇస్తారు. కానీ ఈ తప్పు డాష్‌బోర్డ్‌లో ఎర్రగా కనిపించే రకం కాదు. సర్వర్ ఎక్కడా పడిపోలేదు. అడిగిన ప్రతిదానికీ బుద్ధిగా జవాబిచ్చింది, జవాబే తప్పు. పైగా గడువు దగ్గరపడ్డ స్టాక్‌ను చాలా షాపులు నెలల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపేస్తాయి. ఆ నెలలోనే గడువు తీరే స్ట్రిప్‌లు షాపుకు నాలుగైదు ఉంటే ఎక్కువ. అరగంటలో ఆ నలభై షాపుల్లో ఒక్కచోట కూడా అది కౌంటర్ మీదికి రాకపోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, మీటింగ్‌లో పనికొస్తుంది. 300 బిల్లులు చూసి ఒక్క తప్పూ కనబడలేదంటే, తప్పులు నూటికి ఒకటి కంటే తక్కువని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతే. వెయ్యికి ఒక్కటి వచ్చే తప్పును కూడా లేదని అదే నమ్మకంతో అనాలంటే 3,000 బిల్లులు చూడాలి. మీ షాపు సగటున రోజుకు వంద బిల్లులు కొడుతుందనుకుంటే, నలభై షాపులకు దాదాపు ముప్పావు రోజు పడుతుంది. మీ కొత్త సహోద్యోగి పనిచేసిన పెద్ద కంపెనీలో నూటికి ఒకటి అంటే లక్షలమంది, అక్కడ అరగంట చాలు. అదే అరగంటను మీ నలభై షాపులకు పెడితే అది కేనరీ అనిపించుకోదు, మొక్కుబడి. మందుల షాపుకు రద్దీ ఉండేది సాయంత్రం డాక్టర్లు క్లినిక్‌లు తెరిచాక. పొద్దున పదకొండింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు బాగుందనుకుంటే మీరు చూసింది ఖాళీ కౌంటర్‌ను.

అంటే ఆ శుక్రవారం మిమ్మల్ని ముంచింది రిలీజ్ పద్ధతి ఒక్కటే కాదు. వెనక్కి వచ్చే దారి డేటాబేస్ దగ్గరే మూసుకుపోయింది. కాబట్టి మీరు ఏ పేరున్న పద్ధతి ఎంచుకున్నా ముందు అక్కడ పని ఉంది.

ఎక్స్‌పైరీ మార్పునే తీసుకోండి. దాన్ని ఒక్క రిలీజ్‌లో చేయాలన్న రూలేమీ లేదు. మొదటి రిలీజ్‌లో పాత కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన కొత్త తేదీ కాలమ్ చేర్చండి. రెండో రిలీజ్‌లో కోడ్ రెండింట్లోనూ రాస్తుంది, చదవడం మాత్రం పాతదాన్నుంచే. ఈలోగా పాత స్టాక్ మొత్తానికీ కొత్త కాలమ్ నింపి, రెండూ సరిపోతున్నాయో లేదో ఒక క్వెరీ వేసి చూస్తారు. మీ తప్పు ఇక్కడే దొరికేది. అక్షరాల్లో ఆగస్టు అని ఉన్నదానికి తేదీ ఆగస్టు 31 పడాలి, ఎందుకంటే మన డ్రగ్స్ రూల్స్ ప్రకారం స్ట్రిప్ మీద నెల వేస్తే ఆ నెల చివరి రోజు వరకు మందు వాడుకోవచ్చు. ఒకటో తేదీ పడిందని ఆ క్వెరీలో వరుసగా కనిపించేది, కౌంటర్ దగ్గర ఎవరూ తిట్టేవాళ్లు కాదు. మూడో రిలీజ్‌లో చదవడాన్ని కొత్త కాలమ్‌కు మార్చండి. పాత కాలమ్‌ను తీసేయడం ఇంకో నెల ఆగాక. ఇలా చేస్తే ఏ దశలోనైనా ఒక మెట్టు వెనక్కి దిగొచ్చు. నష్టం ఏమిటంటే ఒక్క మార్పుకు మూడు, నాలుగు రిలీజ్‌లు కావాలి. నెలకో రిలీజ్ చేసే మీ ఆఫీసులో ఇది నాలుగు నెలల కథ. "ఇంత చిన్న మార్పుకు ఇన్ని రోజులా?" అని ఓనర్ తప్పకుండా అడుగుతారు. దాని జవాబు వారం వారం చిన్న చిన్న రిలీజ్‌లు. తరచుగా రిలీజ్ చేయడమంటే ప్రమాదం పెంచుకోవడమని చాలామంది భయపడతారు గానీ, నెల రోజుల మార్పులన్నీ ఒకే మూటలో పంపినప్పుడు ఏది తన్నిందో వెతకడానికే రాత్రి గడిచిపోతుంది.

వెనక్కి తీయడం గురించి ఇంకో మాట. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థలో కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఏడింట్లోనే పెట్టారు. ఎప్పుడో వాడకం మానేసిన పాత ప్రోగ్రామ్ తాలూకు ఫ్లాగ్‌నే, అంటే దాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌నే, కొత్త పనికి వాడుకున్నారు కాబట్టి, మిగిలిపోయిన ఆ ఒక్క సర్వర్‌లో పాత ప్రోగ్రామ్ లేచి కూర్చుంది. గాభరాలో సరిగ్గా ఉన్న ఏడింట్లోంచీ కొత్త కోడ్ తీసేశారు. దాంతో అన్నిచోట్లా పాతదే లేచింది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవకముందే ఆ సర్వర్ల గురించి 97 ఆటోమేటిక్ మెయిళ్లు వెళ్లాయి, చూసినవాళ్లు లేరు. రోల్‌బ్యాక్ అనే బటన్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. ఆ సంస్థలో పనిచేయలేదు, మీ దగ్గరా పనిచేయలేదు. ప్రతి రిలీజ్‌కు ముందు, అసలు డేటాకు నకలు తీసిన డేటాబేస్ మీద, కొత్తది పెట్టి, కొన్ని బిల్లులు కొట్టి, పాతదానికి వచ్చి, ఆ బిల్లులు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. దీనికి కొత్త టూల్ ఏదీ కొనక్కర్లేదు. నకలులో పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం చెరిపేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఏమీ పెద్దగా మార్చకుండా, అందరికీ ఒకేసారి ఇచ్చే పద్ధతినే ఉంచి, రోజు మార్చి, రోల్‌బ్యాక్ రిహార్సల్ చేర్చడం ఒకటి. ఇది ఈ వారమే మొదలుపెట్టొచ్చు, ఖర్చు లేదు, మీ లీడ్‌కూ అభ్యంతరం ఉండదు. శని, ఆదివారాలు చేతిలో ఉంటాయన్న ఆయన లెక్కలో చిన్న లోపం ఉంది. సెలవు మీ ఆఫీసుకే, మందుల షాపులకు కాదు. మంగళవారమో బుధవారమో పొద్దున, అందరూ సీట్లలో ఉన్నప్పుడు ఇవ్వండి. నెల మొదటి రోజులూ, జీఎస్టీ రిటర్నులకు అకౌంటెంట్లు మీ రిపోర్టుల మీద పడే 11, 20 తేదీల ముందు రోజులూ వదిలేయండి. దీని లోటు తెలిసిందే. తప్పు జరిగితే నాలుగు వేల షాపులకూ జరుగుతుంది.

కేనరీని మీ పరిస్థితికి తగ్గట్టు కుదించి చేయడం రెండోది. నా మొగ్గు దీనివైపే, ఎందుకంటే మీ తప్పులు సర్వర్లు పడిపోయే రకం కాదు, లెక్కలు తప్పే రకం. అలాంటివి నిజమైన కౌంటర్ మీదే బయటపడతాయి. కానీ బిల్లుకో వెర్షన్ కాకుండా షాపును బట్టి విడగొట్టండి. ఒకే షాపులో రెండు కౌంటర్లు రెండు వెర్షన్ల మీద నడిస్తే స్టాక్ గందరగోళమవుతుంది. ఆ నలభై షాపులనూ జాగ్రత్తగా ఏరుకోవాలి. బెంగళూరులో మీకు తెలిసిన, ఫోన్ చేస్తే నవ్వే షాపులే తీసుకుంటే లాభం లేదు. ఒక హోల్‌సేల్, నెట్ సరిగా రాని పల్లెటూరి షాపు ఒకటి, పాత స్టాక్ తిప్పి పంపడానికి బద్ధకించే షాపు ఒకటి కచ్చితంగా ఉండాలి. వాళ్లకు ముందే చెప్పండి, ఒప్పుకున్నందుకు సబ్‌స్క్రిప్షన్‌లో ఎంతో కొంత తగ్గించండి. చెప్పకుండా జనం మీద ప్రయోగాలు చేయడం నాకు నచ్చదు, మందుల విషయంలో అసలే నచ్చదు. పోల్చేటప్పుడు పోయిన వారంతో కాకుండా, అదే సాయంత్రం పాత వెర్షన్ మీద ఉన్న ఇంకో నలభై అలాంటి షాపులతో పోల్చండి. గంటకు ఎన్ని బిల్లులు, బిల్లుకు ఎన్ని మందులు, ఎన్ని మందులు కౌంటర్ దగ్గర నిరాకరించబడ్డాయి అన్నవి చూడాలి. ఆ ఆఖరి అంకె మీ డాష్‌బోర్డ్‌లో ఉండి ఉంటే మండ్య ఫోన్ కంటే ముందే మీకు తెలిసేది. దీనికయ్యే మూల్యం మీ టైమ్. ప్రతి రిలీజ్ రెండు మూడు రోజులు సాగుతుంది, అన్ని రోజులూ రెండు వెర్షన్లు ఒకే డేటాబేస్ మీద బతకాలి. పైన చెప్పిన కాలమ్ క్రమశిక్షణ లేకుండా ఇది మొదలుపెడితే ఇప్పుడున్నదానికంటే హీనమవుతుంది.

బ్లూ-గ్రీన్‌ను కొట్టిపారేయక్కర్లేదు. సర్వర్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ లాంటి, డేటా మారని పనులకు అది చక్కగా సరిపోతుంది. మీ లీడ్ చేతికి ఆ భాగం అప్పజెప్పొచ్చు.

ఫీచర్ ఫ్లాగ్‌లు ఈ మూడింటికీ తోడు. కోడ్ వెళ్తుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. కొన్ని మార్పులకు ఇది తప్ప వేరే దారి లేదు. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా. ముందు నలభై షాపులకు తగ్గించి చూద్దాం అంటే చట్టం ఒప్పుకోదు. కోడ్‌ను వారం ముందు నుంచి మెల్లగా పంపి, రేటును బిల్లు తేదీని బట్టి మారేలా చేయడమే పద్ధతి. ఫ్లాగ్‌తో ఉన్న చిక్కు, పని అయ్యాక ఎవరూ తీసేయరు. పెట్టిన రోజే తీసేసే తేదీ రాసుకోండి, పాత ఫ్లాగ్ పేరును కొత్త పనికి ఎన్నడూ వాడకండి. నైట్ క్యాపిటల్ కథ మీకు చెప్పింది సగం దీనికోసమే.

కోడ్ మాత్రమే రిలీజ్ అనుకోవద్దు. 2024 జూలై 19న, అదీ శుక్రవారమే, కంప్యూటర్ల భద్రత చూసే క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక చిన్న ఫైల్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. మన ఎయిర్‌పోర్టుల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చిన రోజు అది. వాళ్ల ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లను కస్టమర్లు ఒక అడుగు ఆలస్యంగా తీసుకునే వీలుంది. ఆ ఫైల్ మాత్రం కోడ్ కాదు, ప్రమాదాలను గుర్తుపట్టే సమాచారం. అందుకే అందరికీ ఒకేసారి వెళ్లింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన కంప్యూటర్ల దగ్గరికి మనుషులు వెళ్లి ఒక్కొక్కటీ బాగుచేయాల్సి వచ్చింది. మీ దగ్గర మందుల మాస్టర్ లిస్టు, ధరల పట్టిక ఎవరు మారుస్తారు, ఎలా వెళ్తుంది? మీ ఉత్తరంలో దాని మాటే లేదు, కనుక్కోండి. ఓనర్ల కోసం మీకు ఆండ్రాయిడ్ యాప్ ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది. ప్లే స్టోర్‌లో కొంత శాతానికే ఇచ్చి మధ్యలో ఆపొచ్చు, కానీ తీసుకున్నవాళ్ల ఫోన్ నుంచి పాతదానికి రాలేరు. ఇంకో కొత్త వెర్షన్ పంపడం ఒక్కటే దారి.

ఇక మీరు నిజంగా బాధపడుతున్న విషయానికి వస్తాను. తొమ్మిదింటికి మీకు తెలుసు, పదకొండు దాకా ఆగారు. ఆ రెండు గంటలూ మీలో తెలివి లేక కాదు, అధికారం లేక పోయాయి. ఏ కేనరీ అయినా చివరికి ఒక మనిషి "ఆపండి" అనే చోటికే వస్తుంది. ఆ మనిషి పెళ్లిలో ఉన్న ఇంకొకరి ఫోన్ కోసం చూస్తూ కూర్చుంటే ఏ పద్ధతీ పనిచేయదు. రివ్యూ చేసిందెవరని అడిగినవాళ్లు, వెనక్కి వెళ్లే దారి ఎవరూ ఎందుకు పరీక్షించలేదని అడగలేదు. అది మీ ఒక్కరి తప్పు కానే కాదు.

అన్నా అని పిలిచే మనిషిని మీటింగ్‌లో అందరి ముందు కాదనడం కష్టమే, అవసరం కూడా లేదు. ముందే వెళ్లి కలవండి. "అన్నా, మీ బ్లూ-గ్రీన్‌నే ఆ శుక్రవారం మీద వేసి చూశాను, డేటాబేస్ దగ్గర ఆగిపోయింది, మీరూ ఒకసారి చూడండి" అని బోర్డు మీద గీసి చూపించండి. పద్ధతుల మీద వాదిస్తే ఆయన ఆయన పక్షాన నిలబడతారు. జరిగిన రాత్రిని ముందు పెడితే ఇద్దరూ ఒకవైపు కూర్చుని చూస్తారు. ఆయన ఒప్పుకుంటే ప్రతిపాదన ఇద్దరి పేరు మీదా వెళ్తుంది, మీకు టెన్షన్ సగం తగ్గుతుంది. ఒప్పుకోకపోతే, ఇద్దరి అభిప్రాయాలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి ఓనర్‌కు ఇవ్వండి. కొన్నాళ్లు ఆయన ముభావంగా ఉండొచ్చు. మాట్లాడకుండా సంతకం పెట్టి ఇంకో శుక్రవారం తెచ్చుకుంటే ఆ బంధం ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది.

సైన్-ఆఫ్ విషయంలో వెంటనే సరే అనకండి, వద్దనీ అనకండి. ఒక్క వాక్యం రాసి ఓనర్‌కు మెయిల్ పెట్టండి: నిరాకరించిన మందుల సంఖ్య ఫలానా గీత దాటితే, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు ఎవరినీ అడక్కుండా రిలీజ్ ఆపుతారు, ఆపిన పది నిమిషాల్లో అందరికీ చెబుతారు, ఆపినందుకు తర్వాత ఎవరూ నిలదీయరు. దీనికి ఆయన సరే అంటే సంతకం మీరే పెట్టండి, ధైర్యంగా పెట్టండి. ఆపే నిర్ణయం లీడ్ చేతిలోనే ఉండాలని ఆయన అంటే అదీ ఒక పద్ధతే, చాలా కంపెనీలు అలాగే నడుస్తాయి. అప్పుడు రిలీజ్ రోజు లీడ్ అందుబాటులో ఉండాలి, ఆయన లేని రోజు రిలీజ్ ఉండకూడదు, సంతకం గడిలో ఆయన పేరే ఉండాలి. మీ పేరు రివ్యూ గడిలో ఉంటే చాలు. ఈ రెంటిలో ఏది తేలినా మెయిల్‌లోనే తేలాలి, కాఫీ దగ్గర మాటల్లో కాదు.